దండెం మీది దెబ్బలు

పొద్దున్నే చలవమ్మ ఇంటి ముందు దండెం చూస్తే చాలు, నిన్న కొండ మీద ఎవరెవరు ఎక్కడెక్కడ పడ్డారో తెలిసిపోయేది. ఒక చివర ఎవరిదో మోకాలి దెబ్బ, దాని పక్కన గడప తగిలి కమిలిన బొటనవేలు, ఆ పక్కన నుదుటి బొప్పి. నీలంగా, ఎర్రగా, అంచుల్లో పచ్చగా, ఉతికి ఆరేసిన చేతిరుమాళ్ళలాగా గాలికి కదులుతుండేవి. చలవమ్మ లేచి ముఖం కడుక్కోగానే ముందు వాటిని తిరగేసేది. రెండోవైపు కూడా ఎండాలి కదా.

ఆమె పని చూడ్డానికి చాలా తేలిక. గోరువెచ్చటి నీళ్ళలో చేతులు ముంచి, దెబ్బ అంచు ఎక్కడుందో బొటనవేలితో వెతికి, పాల మీద మీగడ తీసినట్టు మెల్లగా తీసేది. తీస్తున్నంతసేపూ మనిషిని కబుర్లలో పెట్టేది. "మీ ఆవిడ నిన్న నిన్ను బయట పడుకోబెట్టిందటగా?" అని అడిగితే, "ఎవరు చెప్పారు నీకు?" అని వాడు కోపం తెచ్చుకునే లోపలే దెబ్బ ఆమె చేతిలో ఉండేది. అసలు పేరేమిటో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. చేతిలో చలవ ఉందని ఎవరో చలవమ్మ అన్నారు, అదే నిలిచిపోయింది.

కొండవాళ్ళకి ఈ విషయంలో ఒక పట్టింపు ఉంది. పొద్దుగూకే వేళకి దెబ్బ ఒంటి మీద ఉండకూడదు. దెబ్బతో నిద్రపోతే అది లోపలికి దిగుతుంది. దిగాక పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు.

పడిన దెబ్బయితే పూట ఎండకే ఎండి, పొరలు పొరలుగా రాలిపోయేది. కొట్టిన దెబ్బ అలా కాదు. కొట్టినవాడు వచ్చి, దాని ముందు నిలబడి, "అది నేను కొట్టిందే" అనేదాకా ఎంత ఎండ కాసినా పచ్చిగానే ఉండేది. పదిమందీ నడిచే దారిలో వేలాడుతుంటే ఎన్నాళ్ళని మొహం చాటేస్తాడు ఎవడైనా? చలవమ్మ మరిది కుర్చీలల్లే వాళ్ళందరికీ మేస్త్రి, పెద్దమనిషి. ఆయనే ఒకసారి తాగిన మైకంలో తమ్ముణ్ణి కొట్టి, మూడు రోజులు ఈ దారి మానేసి వాగు చుట్టూ తిరిగి ఇంటికి పోయాడు. నాలుగో రోజు కాళ్ళు నొప్పులు పుట్టి వచ్చి నిలబడ్డాడు.

"నాదే వదినా. ఈ చెయ్యి తగలెయ్య."

దెబ్బ టప్పున రాలింది. "తగలెయ్యకు. ఆ చేత్తో ఇంకా నాలుగు కుర్చీలు అల్లాలి నువ్వు" అంది చలవమ్మ.

అలాంటి దండెం మీద ఇప్పుడు నాలుగు నెలలుగా పన్నెండు దెబ్బలు ఆరకుండా ఉన్నాయి. వానకి తడుస్తున్నాయి, ఎండకి కాగుతున్నాయి, రంగు మాత్రం మారడం లేదు.

కొండవాళ్ళ బతుకు పేముతో. అడవిలో పేము కోసి, కొట్టంలో ఆరబెట్టి, కుర్చీలల్లి కింది ఊళ్ళో అమ్ముతారు. అక్కడి ఆఫీసుల్లో కుర్చీలన్నీ వీళ్ళ చేతి అల్లికే. నాలుగు నెలల కిందట కొత్తగా వచ్చిన అడవి రేంజరు, గార్డుల్ని వెంటేసుకుని నేరుగా కొట్టంలోకి వచ్చి, "పేము కోయడానికి కాగితం ఏది?" అన్నాడు. కాగితం పుట్టక ముందు నుంచీ పేము కోస్తున్న వాళ్ళని కాగితం అడిగితే ఏం చెబుతారు? "ఏ కాగితమండీ?" అని మేస్త్రి అడిగాడు. అదే ఆయన చేసిన నేరం. రేంజరు ఆరబెట్టిన కట్టలోంచే ఒక పేము లాగి మొదలుపెట్టాడు. అలిసిపోయాక బూటు, బూటు బోరు కొట్టాక బెల్టు. మేస్త్రి వీపు చిట్లింది. చలవమ్మ కొడుకు అరికాళ్ళు పొంగిపోయాయి. మొత్తం పదకొండు మంది. పోతూ పోతూ, దారిలో నిలబడి ఉన్న చలవమ్మ కోడల్ని ఒక చెంపదెబ్బ కొట్టి జీపెక్కాడు.

ఆ సాయంత్రం చలవమ్మ ఇంటి ముందు పదకొండు మంది వరసగా పడుకుని ఉన్నారు. ఆమె చేతులు ఆగలేదు. నీళ్ళు కాచి పోసింది కోడలే, పట్టుకుని కూర్చుంది కోడలే. జుట్టు ముందుకి వేసుకుని, చెంప కనబడనివ్వకుండా, "ముందు వాళ్ళవి కానీ అత్తా" అంటూనే ఉంది. చివరివాడి దెబ్బ తీసేసరికి పొద్దు గూకిపోయింది. చలవమ్మ అక్కడే ఒరిగి నిద్రపోయింది. కోడలి చెంప సంగతి ఆమెకి తెలిసింది తెల్లారాకే. అప్పుడు తీసింది. వచ్చింది గానీ పూర్తిగా రాలేదని చేతికి తెలిసిపోయింది.

అంతకు ముందు ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. కుర్చీ అల్లుతూ మాట్లాడేది, నీళ్ళు తోడుతూ మాట్లాడేది, ఎవరూ లేకపోతే కోళ్ళతో మాట్లాడేది. "కాస్త ఊపిరి తీసుకోవే తల్లీ" అని చలవమ్మ బతిమాలుకునేది. ఇప్పుడు అడిగితే ఊ, లేకపోతే లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని చలవమ్మకి ఇన్నేళ్ళలో తెలియదు. అందరివీ తీసి కోడల్ని చివరికి వదిలేశాను కదా అని ఆమె తనను తాను తిట్టుకోని రోజు లేదు.

మేస్త్రి అర్జీ రాయించినప్పుడు కోడలు పేరు ఇవ్వలేదు. "ఒక్క చెంపదెబ్బకి అర్జీ ఏంటి మామా? కాళ్ళు వాచినవాళ్ళున్నారు" అంది. అర్జీలో పదకొండు పేర్లే వెళ్ళాయి. నాలుగు నెలలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరిగి తిరిగి, చివరికి విచారణకి రమ్మని కబురొచ్చింది. అప్పటిదాకా రేంజరుని కొండ పని నుంచి పక్కన పెట్టారు. అర్జీ అబద్ధమని తేలితే సోమవారం మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు. ఈసారి ఊరికే కూర్చోడని కొండ మీద పసిపిల్లలకి కూడా తెలుసు.

*

కింది ఊళ్ళో విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక విచారణ చేసే కళ్ళజోడు మేడమ్, పక్కన గుమస్తా, ఇంకో పక్క ప్రభుత్వ డాక్టరు. ఎదురుగా రేంజరు, ఇస్త్రీ బట్టల్లో, పేము కుర్చీలో హాయిగా కాలు మీద కాలు వేసుకుని. అది తన చేతి అల్లికేనని మేస్త్రి గుర్తుపట్టాడు.

డాక్టరు పదకొండు మందినీ పక్క గదిలోకి పిలిచి, చొక్కాలు విప్పించి, వెనకా ముందూ తిప్పి చూసి వచ్చాడు.

"ఒక్క గీత కూడా లేదు మేడమ్. చంటిపిల్లల చర్మంలా ఉంది."

రేంజరు నవ్వలేదు. నవ్వవలసిన అవసరం కూడా లేదన్నట్టు గడియారం చూసుకున్నాడు.

"తీసేసిందండీ మా వదిన" అన్నాడు మేస్త్రి కంగారుగా. "పొద్దుగూకే లోపల తీసెయ్యాలి కదండీ. అది మా పట్టింపు."

కొండవాళ్ళందరూ చలవమ్మ వైపు చూశారు. ఒక్కరి చూపులోనూ కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేదనిపించింది ఆమెకి. ఇన్నేళ్ళుగా మంచి చేశాననుకున్న చేతులు ఇవాళ అందరి నోళ్ళూ కట్టేశాయి.

"తీసినవి ఎక్కడున్నాయి?" అని మేడమ్ అడిగింది.

చలవమ్మ తెచ్చిన గంప బల్ల మీద పెట్టి మూత తీసింది. గుమస్తా తొంగి చూసి, ఒకటి వేళ్ళతో పైకెత్తి, తల అడ్డంగా ఊపాడు.

"ఒంటి మీద లేని దెబ్బని రాసుకోవడానికి మన దగ్గర వరస లేదండీ. ఫారంలో మొదటి ప్రశ్నే 'శరీరంలో ఏ భాగం' అని ఉంది. గంపలో అని రాస్తే వెనక్కి పంపేస్తారు."

"నేను కూడా మనిషినే చూడాలి" అన్నాడు డాక్టరు. "బెత్తం దెబ్బలు, బూటు దెబ్బలు అని తెలుస్తూనే ఉంది. కానీ గంపకి సర్టిఫికెట్ ఇవ్వలేను కదమ్మా."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "భోజనాలు చేసి రండి. రెండింటికి కూర్చుందాం. అప్పటికి చూపించగలిగింది ఏదైనా ఉంటే చూస్తాను. లేకపోతే నేను ఫైలు మూసెయ్యాలి."

బయట వసారాలో పదకొండు మందీ చలవమ్మ చుట్టూ చేరారు. మేస్త్రి అప్పటికే చొక్కా గుండీలు విప్పుతున్నాడు. "పెట్టెయ్ వదినా. నాది నాకు పెట్టెయ్. ఒక్క పూటే కదా, ఓర్చుకుంటాను." కొడుకు చెప్పులు విప్పి అరికాళ్ళు చాపాడు. చాపాడే గానీ, ఆమె చెయ్యి దగ్గరికి రాకముందే కాలివేళ్ళు ముడుచుకున్నాడు.

చలవమ్మ అందర్నీ ఒకసారి చూసింది. గంప చంకనెత్తుకుంది. "మీరు తిని రండి" అని చెప్పి, కోడల్ని వెంటబెట్టుకుని చేతులు కడుక్కునే గదిలోకి పోయి తలుపేసింది.

"నీళ్ళు పట్టవే."

"ఎవరికి పెడుతున్నావు? వాళ్ళు బయట ఉన్నారుగా?"

చలవమ్మ చేతులు తడుపుకుని, మేస్త్రి వాతలు తీసి తన భుజం మీదుగా వెనక్కి అంటించుకుంది. పళ్ళు బిగబట్టింది. కోడలికి అప్పుడు అర్థమైంది.

"నీకేమైనా మతిపోయిందా అత్తా? గాలి కొడితే పడిపోతావు, పదకొండు ఎక్కడ మోస్తావు? ఎవరి నొప్పి వాళ్ళు ఓర్చుకుంటామంటున్నారు కదా, నీకెందుకు మధ్యలో? ఇంటికెళ్ళేదాకానైనా బతుకుతావా నువ్వు?"

ఇన్ని మాటలు ఆ పిల్ల ఒక్క ఊపున అని నాలుగు నెలలైంది. ఆ నొప్పిలోనూ చలవమ్మ ప్రాణం లేచొచ్చింది.

"తీసిన నొప్పిని మళ్ళీ వాళ్ళ ఒంటికే పెడితే, ఇన్నేళ్ళూ నేను చేసింది ఏంటే మరి? నాకేం, ముసలిదాన్ని. చర్మం వదులుగా ఉంది, జాగాకి లోటు లేదు. ఏడవకుండా ఆ తర్వాతది అందుకో."

కోడలు ఏడుస్తూనే అందించింది. నడుం మీద ఒకటి, పిక్క మీద ఒకటి, పక్కటెముకల మీద బూటు గుర్తు. అరికాళ్ళు కొడుకువి. అవి పెట్టుకునేటప్పుడు మాత్రం చలవమ్మ కోడలి భుజం పట్టుకుంది. గంప అడుగున ఒక్కటి మిగిలింది. ఐదు వేళ్ళ అచ్చు. కోడలు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆగిపోయింది.

"ఇది వదిలెయ్. అర్జీలో లేదుగా."

"అర్జీలో లేకపోతే నా ఒంటి మీద ఉంటుంది" అని చలవమ్మ తీసుకుని తన ఎడమ చెంపకి అద్దుకుంది.

*

రెండింటికి ఆమె గదిలోకి వస్తుంటే మేస్త్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మిగతావాళ్ళు కూడా లేచారు. ఒక్కొక్కరికీ తమ దెబ్బ ఆమె మీద కనిపిస్తూనే ఉంది. కొడుకు తలుపు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చలవమ్మ బల్ల దాకా మడమల మీద నడిచింది.

డాక్టరు అరగంట చూశాడు. వచ్చి కూర్చుని, రాసుకున్నది చదివాడు. "వీపు మీద బెత్తం వాతలు. అరికాళ్ళ వాపు. కుడి పక్కన బూటు గుర్తు. ఎడమ చెంప మీద అరచెయ్యి. మొత్తం పన్నెండు. ఈ వయసు మనిషి మీద ఇన్ని దెబ్బలు నా సర్వీసులో చూడలేదు."

"శరీరంలో ఏ భాగం అన్నదానికి ఇప్పుడు వరస చాలదండీ" అని గొణుక్కుంటూ గుమస్తా రెండో ఫారం తీశాడు.

"ఎవరు కొట్టినవమ్మా?" అని మేడమ్ అడిగింది.

"ఆ సారు కొట్టినవేనండీ" అంది చలవమ్మ. అందులో అబద్ధం ఏముంది?

రేంజరు అప్పటిదాకా కాలు మీద కాలు తీయలేదు. ఇప్పుడు తీశాడు. ముఖం జేవురించింది.

"పచ్చి అబద్ధం మేడమ్! ఈ ముసలామె మీద నేను చెయ్యి వెయ్యలేదు. నన్నేమనుకుంటున్నారు? నాకూ తల్లి ఉంది! ముసలివాళ్ళని కొట్టే మనిషినా నేను?" లేచి నిలబడ్డాడు. పరువు పోతుందన్న మంటలో ఇంకేం కనబడలేదు ఆయనకి. "ఆ వీపు మీది వాతలు ఈమెవి కావు, ఆ మేస్త్రివి! ఎదురు ప్రశ్న వేశాడని నేను కొట్టింది అతన్ని!"

చలవమ్మ భుజం వెనక నుంచి ఏదో జారి నేల మీద పడింది. ఎండుటాకులా పొడిపొడిగా రాలిపోయింది.

"ఆ బూటు దెబ్బ అదిగో, ఆ మూల నిలబడ్డవాడిది. పారిపోబోతే తన్నాను. ఆ అరికాళ్ళు ఈమె కొడుకువి. బెల్టు దెబ్బ ఆ చింపిరి జుట్టువాడిది!"

ఒక్కొక్క మాటకీ ఒక్కొక్కటి రాలుతోంది. ఆయన జ్ఞాపకశక్తి గొప్పది, ఒప్పుకోవాలి. ఎవర్ని దేనితో కొట్టాడో, ఎందుకు కొట్టాడో, వరస తప్పకుండా చెప్పుకొచ్చాడు. పదకొండోది రాలేసరికి చలవమ్మ రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి.

మేడమ్ ఆయన వైపు చూడకుండా అడిగింది. "రాసుకుంటున్నారా?"

"అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటున్నానండీ" అన్నాడు గుమస్తా.

రేంజరు తాను అన్నదేమిటో అప్పుడు విన్నాడు. మెల్లగా కుర్చీలోకి దిగాడు.

"సోమవారం మీరు కొండకి వెళ్ళనక్కర్లేదు" అంది మేడమ్. "సోమవారమే కాదు, ఇంకెప్పుడూ. మిగతాది కోర్టు చూసుకుంటుంది." మేస్త్రి అరవై ఏళ్ళ మనిషి, అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పక్కవాడు ఆయన వీపు తట్టాడు.

చలవమ్మ చెంప మీది ఐదు వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"అది?" అని మేడమ్ అడిగింది.

రేంజరు చూశాడు. ఈసారి నిజంగానే ఆలోచించాడు. "అది నాది కాదు మేడమ్. నాకు గుర్తులేదు." దాచుతున్న ముఖం కాదది. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

"అర్జీలో పేర్లు పదకొండే ఉన్నాయండీ" అన్నాడు గుమస్తా. "పన్నెండోది కొట్టేస్తే లెక్క సరిపోతుంది."

"పోనీలే వదినా" అన్నాడు మేస్త్రి ముక్కు తుడుచుకుంటూ. "గెలిచాం కదా. అదొక్కటీ ఎలాగో పోతుందిలే."

వెనక గోడకి ఆనుకుని ఉన్న కోడలు ముందుకి వచ్చింది.

"అత్తా, నాది నాకిచ్చెయ్."

చలవమ్మ ఇన్నేళ్ళలో ఎవరికీ తీసిన నొప్పి తిరిగి ఇవ్వలేదు. వద్దని చెబుదామనుకుంది. ఆ పిల్ల కళ్ళు చూశాక చెప్పలేకపోయింది. తన చెంప మీంచి మెల్లగా తీసి, రెండు చేతులతో ఆమె చెంపకి అద్దింది. అద్దుతుంటే చేతికి తెలిసింది, ఆ రోజు లోపల మిగిలిపోయిన ముక్క పైకి తేలి వచ్చి దీనితో కలిసింది. కోడలు ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. జుట్టు వెనక్కి తోసుకుంది. గోడ పక్కనున్న పేము కుర్చీ ఈడ్చుకొచ్చి, రేంజరుకి మూరెడు దూరంలో వేసుకుని కూర్చుంది.

"పన్నెండోది నాది. రాసుకోండి" అంది గుమస్తాతో. తర్వాత రేంజరు వైపు తిరిగింది. "ఆ రోజు మిమ్మల్ని నేనొక మాట అడిగాను సార్. మా వాళ్ళని ఎందుకు కొడుతున్నారు అని. మీరు నడుస్తూ నడుస్తూనే కొట్టి జీపెక్కేశారు. తల కూడా తిప్పలేదు. అందుకే మీకు గుర్తులేదు. ఈ దెబ్బ ఇప్పుడే రాలిపోవాలని నాకు లేదు. ఎన్నాళ్ళైనా ఉండనివ్వండి. ముందు నేనడిగినదానికి జవాబు చెప్పండి."

"ప్రశ్న రాశారా?" అంది మేడమ్.

"రాశానండీ. జవాబుకి ఎంత జాగా వదలమంటారు?"

"పేజీ మొత్తం వదలండి. ఇవాళ నాకు వేరే పనేం లేదు."

గుమస్తా కొత్త పేజీ తిప్పి కలం పట్టుకుని కూర్చున్నాడు. చలవమ్మ మరిది పక్కన చోటు చేసుకుని కూర్చుంది. రేంజరు ఫ్యాను వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఇక చూడ్డానికి ఏమీ మిగలక, తలెత్తి ఆమె ముఖం చూశాడు.